థార్ ఎడారి రైతుకు ఏం నేర్పాలి, ఎప్పుడు నేర్పాలి

రాజస్థాన్‌లోని బాడ్‌మేర్ జిల్లాలో జూలై మొదటి వారంలో తొలకరి పడిందనుకుందాం. తెల్లారేసరికి ఇసుకలో జానెడు లోతున పదును కనిపిస్తుంది. రెండు మూడు రోజులు ఆగితే ఎండకూ గాలికీ ఆ పదును కాస్తా ఎగిరిపోతుంది. అందుకే రైతు ఆగడు. ఇంట్లో ఉన్న విత్తనాలన్నీ ఒకే సంచిలో కలిపేస్తాడు. అందులో సజ్జలు ఎక్కువ. వాటితో పాటు పెసలు, మోత్ అనే చిన్న పప్పుగింజ, గోరుచిక్కుడు, కాసిని నువ్వులు, చివర్లో ఓ గుప్పెడు మతీరా గింజలు. మతీరా అంటే అక్కడి పుచ్చకాయ. అన్నింటినీ ఒకే చాలులో విత్తేస్తాడు.

వ్యవసాయ పాఠ్యపుస్తకం దీన్ని మెచ్చుకోదు. పంటకో వరుస ఉండాలి, వరుసల మధ్య ఇంత దూరం ఉండాలి, అప్పుడే కలుపు తీయడం సులువు, దిగుబడి ఎక్కువ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు, వానలు సరిగ్గా పడిన ఏడాదికి ఆ లెక్క నిజమే. కానీ ఎడారి రైతు ఆ సంచి కలిపేది వానలు సరిగ్గా పడని ఏడాదిని తలుచుకుని. ఆగస్టులో వాన ముఖం చాటేస్తే సజ్జ కంకి పాలు పోసుకోక ముందే ఎండిపోతుంది. నేలకు పాకే మోత్ మాత్రం ఇసుకను కప్పేసి తేమను కాచుకుంటూ ఇంకొన్ని రోజులు తట్టుకుంటుంది. అదీ పోతే గోరుచిక్కుడు కట్టె, సజ్జ చొప్ప పశువుల మేతకైనా మిగులుతాయి. మార్వాడ్ (జోధ్‌పూర్ చుట్టుపక్కల పశ్చిమ రాజస్థాన్) పల్లెల్లో ఒక సామెత ఉంది: "తీజో కురియో, ఆఠో కాల్". ప్రతి మూడో ఏడు కరువు ఛాయ, ప్రతి ఎనిమిదో ఏడు నిండు కరువు అని అర్థం. పదేళ్లలో నాలుగేళ్లు తేడాగా ఉంటాయని ముందే లెక్కలో రాసుకున్న సేద్యం అది.

ఎడారి రైతుకు ఇచ్చే శిక్షణను, సాయాన్ని తూచాల్సిన తక్కెడ ఇక్కడే దొరుకుతుంది. మంచి ఏడాదిలో ఎన్ని క్వింటాళ్లు పెరిగాయన్నది అక్కడ రెండో ప్రశ్న. చెడ్డ ఏడాదిలో ఆ ఇల్లు పశువులను అమ్ముకోకుండా, వలస పోకుండా నిలబడిందా అన్నది మొదటి ప్రశ్న. థార్‌లో ఏడు దశాబ్దాలుగా జరిగిన ప్రయత్నాల్లో ఏవి నిలిచాయి, ఏవి బెడిసికొట్టాయి అని చూస్తే ఈ ప్రశ్నకు జవాబు ఉన్నవే నిలిచాయి.

ముందు ఆ నేల గురించి. మన దేశంలో వేడి శుష్క భూములు, అంటే ఎడారి లాంటి పొడి నేలలు, సుమారు 3.2 కోట్ల హెక్టార్లు. అందులో 60 శాతానికి పైగా పశ్చిమ రాజస్థాన్‌లోనే ఉంది. ఐదో వంతు గుజరాత్‌ది. ఇదే లెక్కలో మన అనంతపురం, దాని చుట్టుపక్కల నేల కూడా ఉంది, దాదాపు 7 శాతం. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. జోధ్‌పూర్‌లో 350 చుట్టుపక్కలే. జైసల్మేర్ పడమటి అంచున అది 100కి దిగిపోతుంది. ఆ కొద్దిపాటి వాన కూడా దాదాపు అంతా జూలై, సెప్టెంబర్ మధ్యనే.

జైసల్మేర్ జిల్లా ఒక్కటే 38 వేల చదరపు కిలోమీటర్లు, మొత్తం తెలంగాణలో మూడో వంతు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ చదరపు కిలోమీటరుకు 17 మంది. ఊరంతా ఒక్క చోట ఉండదు. ఎవరి పొలంలో వాళ్లు రెండు మూడు గుడిసెలు వేసుకుని ఉంటారు, వాటిని ఢాణీలు అంటారు. ఒక ఢాణీకి, పక్క ఢాణీకి మధ్య కిలోమీటరు ఇసుక. మన దగ్గర వ్యవసాయ విస్తరణ అధికారి రచ్చబండ దగ్గర కూర్చుంటే సాయంత్రానికి ఊళ్లో సగం మంది వచ్చి పోతారు. అక్కడ పది కుటుంబాలను కలవాలంటే జీపులో రోజంతా తిరగాలి. అంత పెద్ద జిల్లాకు ఒకటి రెండు కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయంటే వాటి మీద ఎంత బరువు ఉందో ఊహించుకోవచ్చు.

ఎడారి సేద్యం మీద ప్రభుత్వ పరిశోధన 1952లో జోధ్‌పూర్‌లో ఎడారి వనీకరణ కేంద్రంగా మొదలైంది. 1959లో అది కేంద్రీయ శుష్క మండల పరిశోధనా సంస్థ అయింది. అక్కడి రైతులు దాన్ని 'కాజ్రీ' అంటారు. మొదటి పని ఇసుక దిబ్బలను ఆపడం. వేసవి గాలికి దిబ్బలు కదిలి వచ్చి పొలాలు, బావులు, దారులు కప్పేసేవి. ఎండు కంపను దిబ్బ మీద చదరంగం గళ్లలా పాతితే గాలి నేల మట్టంలో వేగం తగ్గుతుంది, ఇసుక లేవదు. ఆ గళ్ల మధ్యన వానాకాలంలో మొక్కలు, సేవణ్ గడ్డి నాటి, రెండు మూడేళ్లు పశువులు తొక్కకుండా కాపాడితే దిబ్బ కట్టుబడుతుంది. రాయదుర్గం వైపు దర్గా హొన్నూరు దగ్గర హగరి నది ఇసుక పొలాల మీదికి మేటలు వేయడం చూసినవాళ్లకు ఈ పని విలువ ఎవరూ చెప్పక్కర్లేదు.

అంతకు ముందే మొదలై ఆ తర్వాతా సాగిన ఒక పెద్ద పొరపాటు కూడా ఉంది. దాన్ని దాచకుండా చెప్పుకోవాలి. మెక్సికో వైపు నుంచి వచ్చిన ఒక తుమ్మ లాంటి మొక్క త్వరగా పెరుగుతుంది, వంటచెరుకు ఇస్తుంది, ఏ పశువూ ఆకు ముట్టదు అని జోధ్‌పూర్ రాజులు 1930ల్లో విమానంలోంచి కూడా గింజలు చల్లించారు. స్వాతంత్ర్యం తర్వాత అటవీ శాఖలు అదే దారిలో నడిచాయి. అది మనకు బాగా తెలిసిన సర్కారు తుమ్మే. రాజస్థాన్‌లో దాన్ని విలాయతీ బబూల్ అంటారు, గుజరాత్‌లోని కచ్‌లో గాండో బావళ్ అంటారు, అంటే పిచ్చి తుమ్మ. పశువులు కాయలు తింటాయి, పేడలో గింజ ఎక్కడ పడితే అక్కడ మొలుస్తుంది. కచ్‌లోని బన్నీ గడ్డి మైదానాన్ని అది ఆక్రమించేసింది. అక్కడి పశుపాలకులకు గడ్డి కావాలి, ప్రభుత్వం చెట్టు ఇచ్చింది. వాళ్లను ముందుగా అడిగి ఉంటే గడ్డి గింజలే అడిగేవారు.

నిలిచిన వాటిలో మొదట చెప్పుకోవాల్సింది విత్తనం. దానికి హైదరాబాద్‌తో నేరుగా సంబంధం ఉంది. హిస్సార్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1990లో హెచ్‌హెచ్‌బీ 67 అనే సజ్జ హైబ్రిడ్ విడుదల చేసింది. 65 రోజుల లోపే కోతకు వస్తుంది. వాన ఆలస్యమైనా, సెప్టెంబర్ ఎండకు ముందే పంట చేతికొస్తుందని ఎడారి అంచు రైతులు దాన్ని విపరీతంగా వేశారు. కొన్నేళ్లకు వెర్రి కంకి తెగులు తగులుకుంది. కంకి బదులు ఆకుల కుచ్చు వస్తుంది, గింజ ఉండదు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ ఆ హైబ్రిడ్ తల్లిదండ్రుల్లోకి తెగులును తట్టుకునే జన్యువులను, జన్యు గుర్తుల సాయంతో ఎంచి, చేర్చింది. 2005లో మెరుగుపరిచిన హెచ్‌హెచ్‌బీ 67 వచ్చింది. రైతు తన అలవాట్లు ఏవీ మార్చుకోనక్కర్లేదు. అదే రకం, అవే రోజులు, తెగులు బెడద మాత్రం తగ్గింది. కొత్తగా నేర్పాల్సింది అతి తక్కువగా ఉన్న సాయం ఇది, త్వరగా పాకింది కూడా అందుకే.

ఇంకో ముడి కూడా ఉంది. ఉత్తరాది రాష్ట్రాలు విత్తే హైబ్రిడ్ సజ్జ విత్తనంలో చాలా భాగం తెలంగాణలో పండుతుంది. ఆర్మూర్, అంకాపూర్ వైపు యాసంగిలో విత్తన సజ్జ, ఎర్రజొన్న వేసే రైతులు ఉన్నారు. ఇక్కడ ఒక కంపెనీ కొనుగోలు ఆలస్యం చేస్తే అక్కడ జూలైలో ఒక దుకాణంలో సంచులు ఉండవు. అదను దాటాక వచ్చిన విత్తనం ఎంత మంచిదైనా బస్తాలోనే ఉండిపోతుంది.

అదను అనే మాటకు ఎడారిలో ఉన్నంత బరువు ఇంకెక్కడా ఉండదేమో. వాన జూలై మూడో వారం దాటిందంటే సజ్జ మానేసి మోత్, పెసర, గోరుచిక్కుడు వేసుకోవాలి. ఇలాంటి మార్పులన్నీ ముందే రాసిపెట్టి ఉంచాలని హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ, అంటే క్రీడా, దేశంలో 600కి పైగా జిల్లాలకు ప్రత్యామ్నాయ ప్రణాళికలు తయారు చేసింది. వాన రెండు వారాలు ఆలస్యమైతే ఏం వేయాలి, నాలుగు వారాలైతే ఏం వేయాలి, మధ్యలో బెట్ట వస్తే ఏం చేయాలి అన్నీ అందులో ఉన్నాయి. పని మంచిది. కానీ "సజ్జ వద్దు, రెండు నెలల్లో వచ్చే మోత్ వేయండి" అని జూలై 20న సలహా ఇస్తే ఆ మోత్ గింజ జూలై 22న ఢాణీకి దగ్గర్లో దొరకాలి. సలహా ఫోన్‌లో నిమిషంలో వెళ్తుంది, విత్తనం బండి మీద వెళ్లాలి. ఆ బండిని జూన్‌లోనే బయల్దేరదీయడం ఎవరి బాధ్యత అన్నది చాలా చోట్ల తేలకుండానే ఉంటుంది. ఊళ్లోనే చిన్న విత్తన నిల్వ పెట్టుకుని, పండాక తిరిగి ఇచ్చే పద్ధతి నేర్పితే పది ఉపన్యాసాల కన్నా మేలు.

శిబిరాల వేళల సంగతీ అంతే. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు డబ్బు ఖర్చు చేయాలని ఫిబ్రవరి, మార్చిలో శిక్షణలు కుప్పపోయడం మన ప్రభుత్వ శాఖలన్నింటికీ ఉన్న అలవాటే. పశ్చిమ రాజస్థాన్‌లో సరిగ్గా అప్పుడే జీలకర్ర కోతలు. ఆ రోజుల్లో శిబిరానికి తీరిగ్గా రాగలిగేవాడు పొలంలో పని లేనివాడే.

చేతిలో పెట్టి నేర్పినప్పుడు ఎంత తేడా వస్తుందో చూడాలంటే రేగు దగ్గరికి రావాలి. ఎడారిలో రేగు ఎండను తప్పించుకునే తీరు చాలా తెలివైనది. మే, జూన్ మంటల్లో ఆకు రాల్చేసి నిద్రపోతుంది. వాన పడగానే చిగురేస్తుంది, సెప్టెంబర్‌లో పూస్తుంది, చలికాలంలో కాస్తుంది. సజ్జ పోయిన ఏడాది కూడా లోతు వేరు పుణ్యమా అని నాలుగు కాయలు ఇస్తుంది. కానీ గట్ల మీద మొలిచే అడవి రేగుకు కాయ చిన్నది, పులుపు. దాన్ని తీసేయకుండా దాని మీదే గోలా, సేబ్ లాంటి మంచి రకం మొగ్గను అంటు కట్టడం కాజ్రీ, కృషి విజ్ఞాన కేంద్రాలు నేర్పిన విద్య. కొమ్మ కొట్టేస్తే వచ్చే కొత్త చిగురు పెన్సిల్ అంత లావు కాగానే బెరడు మీద పదును కత్తితో గాటు పెట్టాలి. మంచి రకం కొమ్మ నుంచి ఒక్క కన్నును బెరడుతో సహా చెక్కి తీసి ఆ గాటులోకి జారవిడవాలి. కన్ను మాత్రం బయటికి కనిపించేలా ప్లాస్టిక్ పట్టీతో బిగించి కట్టాలి. రెండు మూడు వారాలకు కన్ను పచ్చగా ఉంటే అంటు పట్టినట్టే. ఇక పైకొమ్మ తీసేయొచ్చు. కింద తల్లివేరు తెగలేదు కాబట్టి కొత్త మొక్కకు పోసినన్ని నీళ్లు దీనికి పోయక్కర్లేదు.

ఇది చెప్తే రాదు. మొదటి పది కన్నులు ఎండిపోతాయి, పదకొండోది పడుతుంది. ఒకసారి చెయ్యి తిరిగాక మాత్రం ఆ కుర్రాడు ఊళ్లో అందరి గట్లకూ అంటు కట్టి నాలుగు డబ్బులు సంపాదిస్తాడు. ఏటా మే నెలలో కత్తిరింపులకు అతన్నే పిలుస్తారు. రాలిన ఆకు మేకలకు మేత, కత్తిరించిన కంప పొలానికి కంచె. ఒక్క నైపుణ్యం ఇంటికి మూడు దారులు తెరుస్తుంది. శిక్షణ డబ్బుకు ఇంతకన్నా మంచి ఖర్చు ఎడారిలో దొరకడం కష్టం.

నీళ్ల దగ్గరా ఇదే కథ. టాంకా అనేది ఇంటి పక్కన తవ్విన గుండ్రటి నేలతొట్టి. చుట్టూ నేలను చదును చేసి వాలు పెడతారు, దాన్ని ఆగోర్ అంటారు. వాన నీరు ఆ వాలు మీదుగా జాలీ దాటి తొట్టిలోకి దిగుతుంది. వందల ఏళ్ల పద్ధతి. కాజ్రీ దానికి సిమెంటు గోడ, మూత, పూడిక ఆపే గుంత చేర్చి 21 వేల లీటర్ల నమూనా తయారు చేసింది. ఆరుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 10 లీటర్లు అనుకుంటే ఏడాదికి దాదాపు 22 వేల లీటర్లు. లెక్క అలా కుదిరింది. బాడ్‌మేర్‌లో ఉపాధి హామీ పనుల్లో ఇలాంటి టాంకాలు చాలా కట్టారు. తాగునీటికీ సేద్యానికీ ఏం సంబంధం అనిపించవచ్చు. నెత్తిన రెండు కుండలు పెట్టుకుని కిలోమీటర్లు నడిచే ఆడమనిషికి ఆ నడక తప్పితే, ఆ సమయం మేకల దగ్గరికి, రేగు మొక్కల దగ్గరికి వస్తుంది. కొత్త మొక్కకు మొదటి వేసవిలో వారానికో కుండ నీళ్లు పోయగలిగేది టాంకా ఉన్న ఇల్లే.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఉన్న నీటితో బతికే దారులు. ఇంకో దారి కూడా ఉంది, దాని గురించి కొంచెం గట్టిగానే మాట్లాడుకోవాలి. మన పోపు డబ్బాలోని జీలకర్ర ఎక్కువగా గుజరాత్ నుంచి, ఈ పశ్చిమ రాజస్థాన్ నుంచి వస్తుంది. నవంబర్‌లో విత్తుతారు. నాలుగు తడులు అందితే, మబ్బు పట్టకపోతే, సజ్జ కలలో కూడా చూపించని డబ్బు చూపిస్తుంది. మబ్బు పట్టిందా, పేనుబంక, ఆకుమాడు తెగులు ఒక్క వారంలో పొలాన్ని నల్లగా చేసేస్తాయి. ఆ టెన్షన్‌లో రైతు దుకాణదారు ఇచ్చిన మందులన్నీ కొట్టేస్తాడు. అవశేషాలు ఎక్కువున్నాయని విదేశీ కొనుగోలుదారులు సరుకు తిప్పి పంపుతారు. విత్తన శుద్ధి, ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే మేలు చేసే శిలీంధ్రం) వాడకం, పంట మార్పిడి, ఏ మందు ఎప్పుడు ఆపాలి అన్నవి నేర్పడం ఇక్కడ నిజంగా అవసరం. ఆ శిక్షణ జరుగుతోంది, ఫలితమూ ఉంది. బాడ్‌మేర్, జాలోర్ వైపు దానిమ్మ తోటలు కూడా ఇలాగే లేచాయి. పత్రికల్లో విజయగాథలు వచ్చాయి.

ఆ గాథల్లో కనిపించనిది బోరు. రాజస్థాన్‌లో ఏటా భూమిలోకి ఇంకే నీటికి దాదాపు ఒకటిన్నర రెట్లు తోడేస్తున్నారని కేంద్ర భూగర్భ జల మండలి లెక్కలు చెబుతున్నాయి. లోతుకు వెళ్లేకొద్దీ నీళ్లు ఉప్పగా మారతాయి. అనంతపురం చీనీ రైతులకు ఈ బాట చివర ఏముందో బాగా తెలుసు. బోరు మీద బోరు వేసి, ట్యాంకర్లతో చెట్లు కాపాడుకుని, చివరికి గొడ్డలి పట్టిన తోటలు వాళ్లు చూశారు. డ్రిప్ పరికరాలకు సబ్సిడీ ఇచ్చి డ్రిప్ వాడకం నేర్పితే చెట్టుకు నీళ్లు ఆదా అవుతాయి, నిజమే. ఆదా అయిన నీటితో రైతు ఇంకో రెండెకరాల తోట వేస్తే బావికి మిగిలేది ఏమీ ఉండదు. అందుకే ఎడారిలో తోట పెట్టమని నేర్పే ప్రతి శిబిరంలో మొదటి గంట ఆ ఊరి నీటి మట్టం గురించే ఉండాలి. ఇది రైతు తప్పని అనడానికి వీల్లేదు. సజ్జకు మద్దతు ధర ప్రకటించి, కొనుగోలు మాత్రం అంతంతమాత్రంగా ఉంచినప్పుడు అతను బోరు వైపు చూడక ఎటు చూస్తాడు?

గోరుచిక్కుడు కథ కూడా మార్కెట్ గురించే. దాని గింజ జిగురును అమెరికాలో షేల్ చమురు బావులకు వాడటం మొదలయ్యాక 2012 మొదట్లో గింజల క్వింటాలు ధర 30 వేల రూపాయల దగ్గరికి ఎగబాకింది. మార్చిలో ఫ్యూచర్స్ ట్రేడింగ్‌నే, అంటే ముందస్తు ధరకు జరిగే బేరాలనే, ఆపేయాల్సి వచ్చింది. తర్వాత ధర ఎంత వేగంగా ఎక్కిందో అంత వేగంగా దిగింది. ఎంతో మంది రైతులు ధర పడిపోతున్న సమయానికి పంట తీసుకొచ్చారు. విత్తడం నేర్పేవాళ్లు చాలామంది ఉన్నారు, ఎప్పుడు అమ్మాలో నేర్పేవాళ్లు తక్కువ.

పశువులను వదిలేసి ఎడారి సేద్యం గురించి మాట్లాడటం సగం మాటే. కరువు ఏడాదిలో ఇంటిని నిలబెట్టేవి మేకలు, గొర్రెలు, థార్‌పార్కర్ ఆవు. మేకల మంచీ చెడ్డా చూసేది ఎక్కువగా ఆడవాళ్లు. కానీ శిబిరాల హాజరు పట్టీల్లో సంతకాలు మాత్రం ఎక్కువగా మగవాళ్లవే. అరవై కిలోమీటర్ల అవతల, ఘూంఘట్ (ముఖం మీద ముసుగు) వేసుకున్న కోడలు ఒంటరిగా వెళ్లలేని చోట శిబిరం పెట్టి, మహిళలు రావడం లేదని రాసుకోవడం అన్యాయం. ఊళ్లోనే ఒక చదువుకున్న అమ్మాయికి శిక్షణ ఇచ్చి 'పశు సఖి'గా నిలబెట్టిన చోట లెక్క మారుతుంది. వానలకు ముందే చిటుకు రోగం టీకా, పారుడు వ్యాధికి టీకా, నట్టల మందు సమయానికి వేస్తే మందలో చావులు తగ్గుతాయి. ఇందులో కొత్త విజ్ఞానం ఏమీ లేదు, చల్లటి పెట్టెలో టీకా పట్టుకుని ఢాణీ దాకా నడిచే మనిషి కావాలి, అంతే. 2022లో ముద్దచర్మ వ్యాధి రాజస్థాన్‌లో మొదట జైసల్మేర్, బాడ్‌మేర్ వైపే కనిపించి వేల ఆవులను పొట్టన పెట్టుకున్నప్పుడు అలాంటి మనుషులు ఎంత తక్కువ ఉన్నారో బయటపడింది.

మిడతల దండు విషయంలో మాత్రం ఆ ప్రాంతం త్వరగానే నేర్చుకుంది. 2019 వేసవి నుంచి 2020 దాకా సరిహద్దు అవతలి నుంచి వచ్చిన దండ్లు జీలకర్ర, ఇసబ్గోల్, ఆవాల పొలాలను ఊడ్చేశాయి. పళ్లేలు మోగిస్తే దండు మన పొలం వదిలి పక్క పొలానికి పోతుంది, చావదు. చీకటి పడ్డాక అది చెట్ల మీద వాలిపోయి తెల్లారి ఎండ ఎక్కేదాకా కదలదు. మందు కొట్టాల్సింది ఆ వేళలోనే. అందుకని రైతులకు చెప్పిన పని ఒక్కటే: సాయంత్రం దండు ఎక్కడ వాలిందో చూసి వెంటనే ఫోన్ చేయడం. జోధ్‌పూర్ మిడతల హెచ్చరిక సంస్థ బృందాలు, 2020లో డ్రోన్లు కూడా, తెల్లవారుజామున ఆ చోటికే వెళ్లేవి. చెప్పింది చిన్న పని, రైతు చేయగలిగిన పని, చేస్తే వెంటనే ఫలితం కనిపించే పని.

ఇంకా సరిగ్గా మొదలుకాని పని ఒకటి ఉంది, జమ్మి చెట్టు. మనం దసరాకు మొక్కే జమ్మే అక్కడ ఖేజ్రీ. తెలంగాణకు రాష్ట్ర వృక్షం, రాజస్థాన్‌కూ అదే. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీ గ్రామంలో ఈ చెట్లను నరకనివ్వకుండా అమృతాదేవితో సహా 363 మంది బిష్ణోయిలు (చెట్లను, జంతువులను కాపాడటం ధర్మంగా పాటించేవాళ్లు) ప్రాణాలిచ్చారు. ఎడారి పొలంలో జమ్మి చేసే మేలు అంత పెద్దది. వేరు చాలా లోతుకు పోతుంది, పైపైన ఉండే తేమ కోసం పంటతో పోటీ పడదు. దాని కింద సజ్జ మిగతా పొలంలో కన్నా ఏపుగా ఉంటుంది. చలికాలంలో కొమ్మలు కొట్టిన ఆకు మేకలకు, ఒంటెలకు మేత. లేత కాయలు సాంగ్రీ కూర, ఎండబెడితే ఏడాదంతా నిల్వ. చెడ్డ ఏడాదిలో నిజంగా ఇంటిని కాచే చెట్టు అది.

ఆ చెట్లు ఇప్పుడు చాలా పొలాల్లో ఎండిపోతున్నాయి. వేరు తొలిచే పురుగు, వేళ్లకు పట్టే బూజు, దిగిపోతున్న నీటి మట్టం, ప్రతి ఏడూ మోడు చేసేలా కొమ్మలు కొట్టేయడం, అన్నీ కలిసి పనిచేస్తున్నాయి. ముసలి చెట్టు పోయిన చోట కొత్తది రావడమూ లేదు. వెనక ఒంటెతో, ఎద్దుతో దున్నేటప్పుడు జానెడు జమ్మి మొక్క కనిపిస్తే నాగలిని పక్కకు తిప్పేవారు. ట్రాక్టర్ ఎత్తు మీద కూర్చున్నవాడికి అది కనిపించదు, పళ్లెం నాగలి వేరుతో సహా లేపేస్తుంది. బికనేర్‌లోని శుష్క ఉద్యాన పరిశోధనా సంస్థ జమ్మిలో అంటు మొక్కలు కూడా తయారు చేసింది, త్వరగా కాపుకొస్తాయి. అయితే పొలంలో తనంతట తాను మొలిచే మొక్కకు ఖర్చే లేదు. దుక్కికి ముందు దాని పక్కన ఒక కర్ర గుచ్చి, పైన ఎర్ర గుడ్డపీలిక కడితే చాలు. ఈ మాట ముందుగా చేరాల్సింది అద్దె ట్రాక్టర్ నడిపే కుర్రాడికి. అతనికి సొంత పొలం ఉండదు, రైతుల జాబితాలో పేరు ఉండదు, కాబట్టి శిబిరానికి పిలుపు కూడా వెళ్లదు.